ఎవరి రెసిస్టెన్స్?

మైక్రోబయాలజీలో పీజీ సీటు వచ్చిందని ఏడుస్తూ నాకు ఫోన్ చేసే పిల్లలు ప్రతి ఏడూ కొందరు ఉంటారు. మెడిసిన్ రాలేదు, సర్జరీ రాలేదు, చివరికి ఇదే మిగిలింది మేడమ్ అంటారు. నేను ఓదార్చను. నాకూ ఈ సబ్జెక్టు అట్లాగే మిగిలింది. పెళ్లయిన కొత్తలో మా మామగారు "పేషెంట్లను చూడని డాక్టరు ఏం డాక్టరమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరికేసరికి ఉద్యోగం చివరికి వచ్చింది, అప్పటికి ఆయన లేరు.

నెల్లూరులో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు చేరాను, ఏ హోదా నుంచి ఏ హోదాకు ఎక్కాను అన్నది మీకు అక్కర్లేదు, నాకూ గుర్తుంచుకోవాలని లేదు. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో, పుస్తకంలో లేని ఏ సంగతి మిమ్మల్ని ఇరుకున పెడుతుందో అది చెబుతాను. ఎక్కువ భాగం ఒక్క కేసు గురించే. మిగతావన్నీ ఆ కేసు ముందు చిన్నవే.

మా గది

ముందుగా వాసన గురించి. మా గదిలోకి వచ్చిన కొత్తవాళ్లు మొదటి వారం మధ్యాహ్నం అన్నం తినలేరు. రెండో వారం నుంచి తింటారు. మూడో నెలకు ప్లేటు మూత తీయగానే వాసన బట్టి లోపల ఏం పెరిగిందో చెప్పేస్తారు. అంతకు మించి గొప్పలు ఏమీ లేవు.

పని కూడా చెప్పుకోడానికి సులువే. వార్డు నుంచి పుండులోని చీమో, నెత్తురో, మూత్రమో వస్తుంది. దాన్ని క్రిములు ఇష్టంగా తినే మేత పోసిన ప్లేటు మీద రుద్దుతాం. పెరిగిన క్రిమిని ఇంకో ప్లేటంతా పరిచి, మీద రకరకాల మందులు తడిపిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. మరునాడు చూస్తే, పనిచేసే మందు బిళ్ళ చుట్టూ ఖాళీగా ఒక గుండ్రటి జాగా ఉంటుంది. పనిచేయని మందైతే క్రిమి బిళ్ళ అంచు దాకా వచ్చి కూర్చుంటుంది. ఖాళీ జాగాను కొలిచి రిపోర్టులో ఒక్కో మందు పేరు పక్కన ఒక్కో అక్షరం వేస్తాం. ఎస్ అంటే సెన్సిటివ్, ఆ మందుకు ఆ క్రిమి చస్తుంది. ఆర్ అంటే రెసిస్టెంట్, చావదు. ఈ రెండు మాటలూ రిపోర్టు అడుగున ఇంగ్లీషులో అచ్చై ఉంటాయి.

నేను చేరిన రోజుల్లో ప్లేటు నిండా ఖాళీ వలయాలే. ఏ మందు రాసినా నయమయ్యేది, ఆ మంచిపేరు మాత్రం రాసిన డాక్టరుకు పోయేది. రిటైరయ్యే నాటికి కొన్ని ప్లేట్లలో బిళ్ళలు ఎక్కడ పెట్టామో వెతుక్కోవాల్సి వచ్చేది. పచ్చిగడ్డి పెరిగిన గట్టులా అంచు దాకా క్రిమే. అప్పుడు వార్డు డాక్టర్లకు మేం గుర్తొచ్చేవాళ్లం. "మేడమ్, ఏదైనా ఎస్ ఉందా?" అని ఫోన్ చేసేవాళ్లు, సాయంత్రం బజార్లో వంకాయలు మిగిలాయా అని అడిగినట్టు. మందు మొదలుపెట్టే ముందు కల్చర్‌కు, అంటే మా ప్లేటు పరీక్షకు, పంపమని నెత్తీ నోరూ బాదుకున్నా వినని మనుషులు, అన్ని మందులూ అయిపోయాక పంపి మమ్మల్ని అడిగేవాళ్లు. మీకూ ఇదే జరుగుతుంది. అరవండి. నేను అరిచాను, కొందరు మారారు.

పడని మందు

పెంచలమ్మది విడవలూరు దగ్గర సముద్రం వైపు ఊరు. భర్త పోయాడు. కాస్త వరి, ఒక రొయ్యల గుంట, రమ అని ఒక్కతే కూతురు. ఆ కూతురికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. గుంట గట్టు మీద పని చేస్తుండగా పెంచలమ్మ పాదంలో ఏదో గుచ్చుకుంది. ఆమెకు షుగరు, నొప్పి సరిగ్గా తెలియలేదు. ముందు మందుల షాపులో బిళ్ళలు, తర్వాత ఊరి ఆర్‌ఎంపీ సూదులు, ఆ తర్వాత టౌన్లో ఒక నర్సింగ్ హోము. ఆ మూడూ దాటుకుని మా దగ్గరికి వచ్చేసరికి పాదం నల్లబడింది, క్రిమి నెత్తురులోకి పోయింది, ఆమె మాట తడబడుతోంది.

నెత్తురులోనూ చీములోనూ ఈ-కోలై పెరిగింది. ఈ-కోలై అందరి పేగుల్లోనూ ఉండేదే, మామూలుగా దానివల్ల బాధ లేదు. ఈమెలో ఉన్నది మాత్రం మొండిఘటం. రిపోర్టు రాస్తుంటే నాకే విసుగు వచ్చింది. ఆర్, ఆర్, ఆర్. చిట్టచివర ఒక్క ఎస్. అది కొలిస్టిన్ అనే పాత మందు. మూత్రపిండాలకు చెరుపు చేస్తుందని ఎన్నడో పక్కన పెట్టేసిన మందును, వేరే దారి లేక మళ్లీ బయటికి తీశారు. వార్డుకు నేనే ఫోన్ చేసి, ఈ ఒక్కటే ఉంది, వెంటనే మొదలుపెట్టండి అని చెప్పాను. రిపోర్టు కాగితం పెంచలమ్మ తమ్ముడు తీసుకుపోయాడు.

ఆ తమ్ముడి పేరు మాలకొండయ్య. రొయ్యల మందుల షాపు అతనిది. గుంటల్లో చల్లే పొడులు, మేతలో కలిపే మందులు, కోళ్ల దాణా కూడా అమ్ముతాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగింది, మందుల పేర్లు పలకగలిగింది అతనొక్కడే. కాబట్టి డాక్టర్లతో మాటలన్నీ అతనివే.

కాసేపటికి వార్డు నుంచి సిస్టర్ విజయమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, కిటికీ పక్క బెడ్డు పేషెంటు తమ్ముడు ఇంజెక్షన్ వెయ్యనీయడం లేదు. ఆ మందు ఆమెకి పడదని మీరే రాసిచ్చినారంట."

"నేను రాశానా?"

"రిపోర్టు చూపిస్తా ఉన్నాడు మేడమ్. ఇంటికి తీసకపోతామని వ్యాను కూడా పిలిపించినాడు."

మెట్లెక్కి వెళ్లాను. నేను వార్డుకు వెళ్లడమే అరుదు, అందుకని నర్సులంతా తిరిగి చూశారు. మాలకొండయ్య మర్యాదగా లేచి నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు, సంతోషం ఉంది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

"రండి మేడమ్. మీరు బాగా పరీక్ష చేసినారు. చూడండి, అన్నిట్లో మా అక్కకి రెసిస్టెన్స్ వచ్చినాది. షుగరుండి కూడా ఇంత రెసిస్టెన్స్ పవర్ ఉండాదంటే చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన సంగటి బలం మేడమ్ అది. ఈ ఒక్క మందుకే సెన్సిటివ్ అంట. ఈ సిస్టరేమో అన్నీ వదిలిపెట్టి సరిగ్గా దాన్నే ఎక్కిస్తానంటాది. నా షాపుకొచ్చే రైతుకి కూడా పడని మందు అంటగట్టను నేను."

మొదట నాకు నవ్వు రాబోయింది. అంతలోనే సంగతి అర్థమైంది. అతను అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా పిచ్చిమాట కాదు. మన ఇళ్లలో రెసిస్టెన్స్ పవర్ అంటే ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి. పిల్లవాడికి మాటిమాటికీ జలుబు చేస్తే రెసిస్టెన్స్ తక్కువ అంటాం. సెన్సిటివ్ అంటే సున్నితం, ఫలానాది పడదు అని. మాలకొండయ్య షాపులో రొయ్యలకు రెసిస్టెన్స్ పెంచుతుందని అట్ట మీద వేసిన పొడులు అరల నిండా ఉన్నాయి, వాటి అమ్మకం మీదే అతను బతుకుతున్నాడు. అలాంటి మనిషి చేతికి నేను మందుల పేర్లు, వాటి పక్కన ఆర్‌లు, చివర ఒక ఎస్ ఉన్న కాగితం ఇచ్చాను. అతను దాన్ని తనకు తెలిసిన తెలుగులో చదువుకున్నాడు. అలా చదివితే అక్క గట్టి మనిషి, ఆ ఒక్క మందు విషం.

మంచం మీద పెంచలమ్మ మూలుగుతోంది. బీపీ పడిపోతోందని విజయమ్మ నా వైపు చూస్తోంది.

"మాలకొండయ్య గారూ, ఈ కాగితంలో మీ అక్క లేదు," అన్నాను. "మీ అక్క నెత్తురులో దూరిన పురుగు ఉంది. ఆ రెసిస్టెన్స్ పురుగుది. ఇన్ని మందులు పోసినా అది చావదు. ఈ ఒక్కదానికి చస్తుంది."

అతను కాగితం మళ్లీ చూశాడు. వేలుతో పైనుంచి కిందికి ఒక్కో ఆర్‌నూ తాకుతూ వచ్చాడు.

"అంటే బలం మా అక్కకి కాదా మేడమ్?"

"కాదు."

"పురుగుకా?"

"పురుగుకే."

స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ ఒక్కటి కూడా ఆర్ అయ్యుంటే?"

"అప్పుడు నేను మెట్లెక్కి వచ్చే పని ఉండేది కాదు," అన్నాను. కటువుగానే అన్నాను, టైము లేదు.

అతను ఒక్కసారిగా లేచి విజయమ్మ మీద అరిచాడు. "ఎయ్యండమ్మా! ఇంగా నిలబడి చూస్తా ఉండారేంది!"

అప్పటిదాకా అతన్ని బతిమాలుతూ ఉన్న విజయమ్మ మందు ఎక్కించడం మొదలుపెట్టింది.

పెంచలమ్మ బతికింది. మూత్రపిండాలు కొన్నాళ్లు మొరాయించాయి, కాలి వేళ్లు కొన్ని తీసేయాల్సి వచ్చింది, పుండు మానడానికి చాలా కాలం మా వార్డులోనే ఉంది. కానీ జ్వరం దిగింది, మాట తేటపడింది. ఆ వారంలోనే నేను రిపోర్టు అడుగున తెలుగులో ఒక ముక్క అచ్చు వేయించాను: ఇది మీ ఒంట్లో చేరిన క్రిమి గురించి, మీ ఒంటి బలం గురించి కాదు, ఎస్ అని ఉన్న మందే పనిచేస్తుంది. పెద్ద డాక్టర్లు కొందరు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

తాళాల గుత్తి

మాలకొండయ్య ఆ తర్వాత తరచూ మా గది గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. ఒకరోజు మొహం చిన్నబుచ్చుకుని అడిగాడు.

"ఆ కొలిస్టిన్ అనే పేరు నేను ముందే చూసినాను మేడమ్. కోళ్ల దాణాలో కలిపే పొడి మీద ఉండేది. అదీ, మిగతా మందులూ బస్తాలు బస్తాలు అమ్మినాను. మా అక్కకి ఈ మొండి పురుగు నా వల్లే వచ్చిందా?"

ఇప్పుడు ఆ మందును కోళ్లకు వాడకూడదని నిషేధం ఉంది. అప్పుడు వాడేవాళ్లు. నేను అతనికి అబద్ధం చెప్పలేదు, తెలియదు అన్నాను. షాపులో సగం కోర్సు బిళ్ళల నుంచి రావచ్చు, నర్సింగ్ హోము నుంచి రావచ్చు, మురిక్కాలవ నుంచీ గుంట నీళ్ల నుంచీ రావచ్చు. ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఎలా తిరుగుతుందో మాత్రం చెప్పగలం. అతనికి చెప్పినట్టే మీకూ చెబుతాను, మీ పుస్తకం దీన్ని కావాలని కష్టం చేసి రాస్తుంది.

క్రిమి మొండికెత్తడం రెండు రకాలు. ఒకటి, దాని సొంత జన్యువులో పొరపాటున చిన్న మార్పు వచ్చి, ఆ మార్పు దానికి కలిసిరావడం. అది దాని పిల్లలకే పోతుంది. రెండోది అసలైన తలనొప్పి. క్రిమిలో అసలు జన్యుపదార్థంతో పాటు విడిగా చిన్న చిన్న ఉంగరాల్లాంటివి కొన్ని ఉంటాయి. ప్లాస్మిడ్లు అంటాం. ఒక్కో ఉంగరం మీద రెసిస్టెన్స్ జన్యువులు తాళాల గుత్తిలా చేరి ఉంటాయి. ఒక జన్యువు మందును ముక్కలు చేసే పదార్థాన్ని తయారు చేస్తుంది. ఇంకొకటి లోపలికి వచ్చిన మందును తోడి బయట పోస్తుంది. మరొకటి మందు వచ్చి పట్టుకోవాల్సిన చోటునే మార్చేస్తుంది. ఒక ఉంగరం మీది నుంచి ఇంకో ఉంగరం మీదికి దూకే జన్యువులు కూడా ఉన్నాయి, అందుకే గుత్తి నానాటికీ బరువవుతోంది.

గుత్తి గురించి రెండు సంగతులు మరవకండి. మీరు ఏదో ఒక్క మందు అతిగా వాడితే, దానికి సరిపోయే తాళం ఉన్న క్రిమే బతుకుతుంది. ఆ తాళంతో పాటు మిగతా తాళాలన్నీ బతుకుతాయి. అందుకే మనం ఎన్నడూ వాడని మందుకు కూడా రెసిస్టెన్స్ కనిపిస్తుంది. ఇక రెండోది, క్రిములు ఈ ఆస్తిని పిల్లలకే ఇవ్వాలని పట్టు పట్టవు. పక్కనున్న దానికి ఒక సన్నటి గొట్టం చాపి, గుత్తికి నకలు తీసి ఇస్తాయి, తమది తాము ఉంచుకుంటాయి. పక్కనున్నది తమ జాతి కాకపోయినా ఇస్తాయి.

ఇది చదివితే నమ్మబుద్ధి కాదు, చేసి చూడండి. పెంచలమ్మ ఈ-కోలైనీ, అన్ని మందులకూ లొంగే ఒక సాధు క్రిమినీ ఒకే పరీక్ష గొట్టంలో కలిపి ఉంచాను. మరునాడు మందు కలిపిన ప్లేటు మీద పరిస్తే సాధువు కూడా పెరిగి కూర్చుంది. అందులో కొన్నే మారాయి, కానీ కొన్ని చాలు. వయసైపోయి రిటైర్మెంటుకు దగ్గర పడ్డ దాన్ని, ఆ ప్లేటు చేతిలో పెట్టుకుని చిన్నపిల్లలా అటూ ఇటూ తిరిగాను. అంతలోనే భయం కూడా వేసింది.

సోర్స్

భయపడ్డట్టే అయింది. పెంచలమ్మ పక్క మంచం మీద సంగం నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ అనే పెద్దావిడ ఉండేది, తుంటి ఎముక విరిగి చేరింది. మూత్రానికి గొట్టం వేశారు. ఆవిడ మూత్రంలో, తర్వాత నెత్తురులో క్లెబ్సియెల్లా అనే వేరే జాతి క్రిమి పెరిగింది. రిపోర్టు మాత్రం పెంచలమ్మ రిపోర్టుకు నకలులా ఉంది. ఆవిడ మూత్రపిండాలు అప్పటికే చెడిపోయి ఉన్నాయి. కొలిస్టిన్ ఇచ్చాం, ఆవిడ బతకలేదు.

అప్పటి మా పెద్దసారు శేషాద్రి గారు. సర్జరీలో మంచి చేయి, మాట దురుసు. రెండు రిపోర్టులూ ఆయన బల్ల మీద పెట్టి, ఇది వార్డులో పాకుతోంది సార్ అన్నాను.

"అది ఈ-కోలై, ఇది క్లెబ్సియెల్లా. రెండూ వేరువేరు జాతులు. పాకడమేంటమ్మా?"

"జాతులు వేరే సార్. ఉంగరం ఒకటే అని నా అనుమానం."

"అనుమానాలతో వార్డు మూసేయమంటావా?"

రెండు క్రిముల్నీ చెన్నైలో ఒక పెద్ద ల్యాబుకు పంపాను. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. రెండింటిలోనూ అదే ప్లాస్మిడ్, అవే జన్యువులు, అదే వరస. శేషాద్రి గారు కాగితం రెండుసార్లు చదివారు. ఒప్పుకున్నారు. ఆయనలో ఆ మంచి గుణం ఉంది, రుజువు చూపిస్తే వాదించరు. కానీ ఆ మర్నాడు రౌండ్స్‌లో జూనియర్లందరినీ వెంటేసుకుని పెంచలమ్మ మంచం దగ్గర నిలబడి, "సోర్స్ ఈమే" అన్నారు.

పెంచలమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ అంతమంది తెల్లకోట్లు తన వైపు తిరిగి చూడటం అర్థం కాని మనిషి ఎవరు? వాళ్లు పోగానే ఊడ్చే ఆయాను అడిగింది. "ఆ పెద్దామెకి నీ నుంచే అంటుకున్నాదంట" అని ఆయా చెప్పింది.

ఆ సంగతి విజయమ్మ నాకు చెప్పాక శేషాద్రి గారి గదికి వెళ్లాను. ఉద్యోగంలో పై అధికారి మీద నేను గొంతు పెంచింది ఆ రోజే.

"ఆమె కాలు కింద పెట్టలేని మనిషి సార్. పక్క మంచం దాకా నడిచిపోయి అంటించి వచ్చిందా? నడిచింది మన చేతులు. ఈమె కట్టు విప్పిన చేత్తోనే ఆవిడ గొట్టం పట్టుకున్నారు. ఆ వార్డులో కొళాయి పనిచేయడం లేదని ఎన్నిసార్లు చెప్పాం?"

బయటికి పొమ్మన్నారు. వచ్చేశాను. మర్నాడు ప్లంబరు వచ్చాడు. ఆ సాయంత్రం రౌండ్స్‌లో శేషాద్రి గారు ఒక్కో మంచానికీ మధ్య ఆ కొళాయి దగ్గరికి నడిచి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. ఆయన కడుగుతుంటే జూనియర్లు ఊరికే నిలబడలేరు కదా, వరసలో నిలబడి కడిగారు. ఆ తర్వాత ఆ క్రిమి ఆ వార్డులో మళ్లీ కనిపించలేదు. మా ఆసుపత్రిలో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద జరిగిన పనుల్లో ఆ కొళాయి బాగుచేయడం కంటే పెద్దది నాకు గుర్తు లేదు.

పెంచలమ్మకు మాత్రం క్షమించమని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లి, తప్పు నీది కాదు అని చెప్పాను. తల ఊపింది. నమ్మినట్టు లేదు.

ముద్ద

ఇంటికి పోయే ముందు ఆమె నన్ను ఒక మాట అడిగింది. "అది నాలో ఇంగా ఉండాదా మేడమ్?"

నెత్తురులో లేదు అన్నాను. పేగుల్లో కొన్ని నెలలో, ఇంకా ఎక్కువ కాలమో ఉండొచ్చు అన్నాను. ఊరికే ఉంటుంది, నిన్నేమీ చేయదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే ఎవరినీ ఏమీ చేయదు అని కూడా అన్నాను. నిజం చెప్పాను, పూర్తిగా చెప్పాను. ఆమె మాత్రం మొదటి ముక్కనే ఇంటికి తీసుకుపోయింది.

నేను రిటైరయ్యాక ఒకరోజు మాలకొండయ్య ఫోన్ చేశాడు. రమకు ఆడపిల్ల పుట్టింది, ఇప్పుడు ఆ పిల్ల అన్నం తినే వయసుకు వచ్చింది.

"అక్క బిడ్డని ఎత్తుకోదు మేడమ్. పుట్టినప్పటి నుంచీ అంతే. వరండాలో పడుకుంటాది. కంచం వేరే, గ్లాసు వేరే. పాప దోగాడతా దగ్గరికి పోతే లేచి గుంట గట్టు మీదకి పోతాది. రమ ఏడస్తా ఉండాది. ఎంత చెప్పినా వినదు. మీరు చెప్తే వింటాదేమో."

పెంచలమ్మకు ఫోన్లోనే చెప్పాను. కడిగిన చేతుల గురించి, సబ్బు గురించి, నీలాగే ఆ క్రిమిని మోస్తూ తెలియకుండా తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారన్న దాని గురించి చెప్పాను. అవతల నుంచి సరే మేడమ్, సరే మేడమ్ అని వినిపించింది. ఏమీ మారలేదని మాలకొండయ్య మళ్లీ ఫోన్ చేశాడు.

అప్పుడు బయల్దేరి మాలకొండయ్యతో కలిసి వెళ్లాను. గుంటల మధ్య సిమెంటు ఇల్లు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు. పెంచలమ్మ వరండాలో ఒక మూల కూర్చుని ఉంది. పక్కన ఆమె కంచం, ఆమె గ్లాసు. నన్ను చూసి లేవబోయింది, కాలు సరిగ్గా ఆనక స్తంభం పట్టుకుంది. గుమ్మంలో రమ ఒళ్లో పిల్ల, నల్ల గాజులు, నోట్లో వేలు.

"ఏంది పెంచలమ్మా ఇది?" అన్నాను.

"మీరే చెప్పినారు గదా మేడమ్, పేగుల్లో ఉండాదని."

"కడుక్కుంటే ఏం కాదని కూడా చెప్పినా గదా."

"ఆ పెద్దామె పోయింది గదా మేడమ్ నా వల్ల."

"నీ వల్ల కాదు, మా చేతుల వల్ల."

"మీరు మంచోళ్లు, అట్నే అంటారు." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒకరు పోయినాక కూడా నాకు బుద్ధి రాకుంటే ఎట్టా? బిడ్డ మేడమ్. పాలబుగ్గల బిడ్డ."

నా దగ్గర ఇంకా చాలా మాటలు ఉన్నాయి. ఉంగరాలూ గొట్టాలూ చెన్నై కాగితమూ అన్నీ ఉన్నాయి. అవేవీ ఈమె చేతుల దాకా పోవని అప్పుడు అర్థమైంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఏడుపు కూడా వచ్చింది.

"అన్నం ఉందా?" అని అడిగాను.

"ఉండాది మేడమ్. రమా, మేడమ్‌కి కంచం పెట్టు."

"రమ వద్దు. నువ్వు కలిపి పెట్టు. నీ చేత్తో, నా నోట్లో."

మాలకొండయ్య ఫోను మోగుతుంటే కట్టేశాడు. పెంచలమ్మ నా మొహంలోకి చూసింది, నేను వెనక్కి తగ్గుతానేమోనని. తర్వాత కుంటుతూ కొళాయి దగ్గరికి పోయింది. సబ్బు రుద్దుకుంది, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు దాకా, కడిగి మళ్లీ రుద్దుకుంది. శేషాద్రి గారు కూడా అంత బాగా కడగలేదు. రమ పాప కోసం మెత్తగా వండిన పెసరపప్పన్నం తెచ్చింది. పెంచలమ్మ నెయ్యి వేసి కలిపింది. ముద్ద చేసింది. దాన్ని చిదిపి ఇంకా చిన్నది చేసింది.

ఆ చేతి మీద ఏముండొచ్చో ఆ ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు. సబ్బు ఏం చేస్తుందో కూడా నాకే తెలుసు. అరవై దాటిన మనిషిని, వరండా మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చిన్నపిల్లలా నోరు తెరిచాను. ముద్ద పెట్టింది. ఉప్పు తక్కువైంది, పిల్ల అన్నం కదా. మింగి మళ్లీ నోరు తెరిచాను. రెండోది పెద్దదే చేసి పెట్టింది. మూడో ముద్దకు ఆమె కళ్లలో నీళ్లు జారి కంచంలో పడుతుంటే, ఉప్పు సరిపోయిందిలే అన్నాను. మాలకొండయ్య గట్టిగా నవ్వాడు, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఈలోగా పిల్ల రమ ఒళ్లోంచి జారి, దోగాడుతూ మా మధ్యకు వచ్చింది. నన్ను చూసింది, కంచం చూసింది, అమ్మమ్మ మోకాలు పట్టుకుని లేచి నిలబడి, నాలాగే నోరు తెరిచింది.

పెంచలమ్మ చేయి ముద్దతో గాల్లో ఆగింది. నా వైపు చూసింది.

"పెట్టు," అన్నాను.

పెట్టింది.